బాడుగ ఇంటి సర్చ్‌లో మ్యాప్ మీద వేలితో ఏరియా గీసే ఫీచర్: మొదటి నుంచి ఎట్ల కట్టాల

కర్నూల్లో బాడుగ ఇల్లు వెతికేవాళ్లని "ఏ ఏరియాలో కావాలండీ" అని అడిగి చూడండి, ఒక్క పేరుతో ఎవరూ ఆపరు. "సీ క్యాంపు పక్కన దొరికితే బాగుంటాది, వెంకటరమణ కాలనీ అయినా పర్వాలేదు, నంద్యాల చెక్‌పోస్ట్ దాటి వద్దు, పిల్లోడి స్కూలుకి హంద్రీ బ్రిడ్జి దాటే పని ఉండకూడదు" అంటారు. అంటే వాళ్ల తలకాయలో ఒక ఆకారం ఆల్రెడీ ఉంది, దానికి ఒక పేరంటూ లేదు అంతే. మన టూల్స్‌లో చూస్తే ఒక డ్రాప్‌డౌన్, లేదంటే 3 కిలోమీటర్లు 5 కిలోమీటర్లు అని ఒక స్లైడర్, ఇంతకు మించి ఉండదు. ఆ ఆకారాన్ని వేలితో గీసి "దీని లోపల ఉండేవి చూపియ్యి" అని అడిగే ఫీచర్ ఎట్ల కట్టాలో ఈడ మొత్తం రాస్తున్నా. కోడ్ లైన్లు పెట్టడం లేదు, ఏ స్టెప్‌లో ఏం ఆలోచించాలో రాస్తా, ఎందుకంటే ఈ ఫీచర్ చెడిపోయేది ఎక్కువగా డిజైన్ దగ్గరే.

ఒకటి మాత్రం మొదటే గట్టిగా పట్టుకోండి. యూజర్ గీసిన గీత అంటే యూజర్ చెప్పిన మాట. దాన్ని మనం నిశ్శబ్దంగా పెంచకూడదు, తగ్గించకూడదు, వాళ్లు గీసింది ఒకటి మనం వెతికింది ఇంకొకటి కాకూడదు. కింద చెప్పే ప్రతి నిర్ణయం దీని నుంచే వస్తాది.

సర్కిల్ ఎందుకు చాలదు

కర్నూలు ఓల్డ్ టౌన్‌లో కొండారెడ్డి బురుజు సెంటర్‌గా పెట్టి 4 కిలోమీటర్ల సర్కిల్ గీయండి. ఉత్తరం పక్క తుంగభద్ర దాటిపోతాది, నది అవతల తెలంగాణ. యూజర్ కర్నూల్లో ఇల్లు అడిగితే మనం వేరే రాష్ట్రంలో లిస్టింగ్ చూపిస్తాం. ఊరి లోపల కూడా అంతే, హంద్రీ ఊళ్లోంచి పారి తుంగభద్రలో కలుస్తాది, కేసీ కెనాల్ ఇంకో పక్క కోసుకుంటా పోతాది, మ్యాప్ మీద 400 మీటర్ల దూరంలో కనబడే ఇల్లు బ్రిడ్జి తిరిగి పోతే రెండు కిలోమీటర్లు పడొచ్చు. కడపలో దక్షిణం పక్క పాలకొండలు ఉన్నాయి, ఆ పక్క సర్కిల్‌లో పడేది కొండ. అనంతపురంలో రైలు పట్టాలు ఇదే పని చేస్తాయి.

పోనీ జిల్లా, మండలం పేర్లతో ఫిల్టర్ పెడదామా అంటే అవీ నిలకడగా ఉండవు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా వేరుపడింది, అంతకు ముందు "కర్నూలు జిల్లా" అని ట్యాగ్ చేసిన డేటా అంతా ఆ రోజు నుంచి మార్చుకోవాల్సి వచ్చింది. లాంగిట్యూడ్, లాటిట్యూడ్ మాత్రం మారవు. అట్లని లొకాలిటీ పేర్లని తీసెయ్యమని కాదు, అవి తర్వాత ఇంకో పనికి కావాలి, చెప్తా.

మొదటి స్టెప్: గీసే టూల్ కంటే ముందు లిస్టింగ్ డేటా

చాలామంది నేరుగా మ్యాప్ లైబ్రరీ డౌన్‌లోడ్ చేసుకోని మొదలుపెడతారు. ఆగండి. మీ దగ్గర ఉన్న ఇళ్ల అడ్రసులు ఎట్లుంటాయో ఒకసారి చదవండి. "గడియారం ఆసుపత్రి వెనక సందు, నీలం గేటు", "బళ్లారి చౌరస్తా దగ్గర, పెట్రోల్ బంకు ఎదురుగా" ఇట్ల ఉంటాయి. దీన్ని ఏ జియోకోడర్‌కి (అడ్రస్‌ని మ్యాప్ పాయింట్‌గా మార్చే టూల్) ఇచ్చినా ఎక్కువ సార్లు బళ్లారి చౌరస్తా మధ్యలో ఒక పాయింట్ ఇస్తాది. ఆ పాయింట్‌ని నిజమని నమ్మి పాలిగాన్ (యూజర్ గీసి మూసిన ఆకారం) లోపలా బయటా అని లెక్కపెడితే మనం చూపించేది తప్పు.

అందుకని ప్రతి లిస్టింగ్‌కి లొకేషన్‌తో పాటు ఇంకో కాలమ్ పెట్టండి, ఆ లొకేషన్ ఎన్ని మీటర్ల వరకు నమ్మొచ్చు అని. ఓనర్ స్వయంగా ఇంటి ముందు నిలబడి పిన్ పెట్టింటే 20 మీటర్లు. లాండ్‌మార్క్ నుంచి తీసింటే 300 మీటర్లు. కాలనీ పేరు తప్ప ఏమీ లేకుంటే ఆ కాలనీ మొత్తం. అసలు లొకేషనే లేకుంటే ఖాళీగా వదలండి, ఊరి సెంటర్‌లో పిన్ పెట్టడం మాత్రం వద్దు. ఈ ఒక్క కాలమ్ ఉంటే తర్వాత వచ్చే సగం కష్టాలు రావు. ఓనర్ ఫారంలో కూడా అడ్రస్ బాక్స్ కింద మ్యాప్ పెట్టి "మీ ఇంటి మీద పిన్ పెట్టండి" అని అడగండి, టైప్ చేసే అడ్రస్ కంటే ఆ పిన్ వెయ్యి రెట్లు మేలు.

రెండో స్టెప్: మ్యాప్, లైబ్రరీ

దీంట్లో ఎక్కువ సేపు కూర్చోవద్దు. చిన్న టూల్ అయితే లీఫ్‌లెట్ అనే మ్యాప్ లైబ్రరీ చాలు, 2011 నుంచి ఉంది, తేలిక, పాత ఫోన్లలో కూడా నడుస్తాది. వెక్టర్ మ్యాప్ (బొమ్మగా కాకుండా డేటాగా వచ్చి ఫోన్‌లోనే గీసుకునేది) కావాలంటే మ్యాప్‌లిబ్రే. గీసేకి లీఫ్‌లెట్ మీద జియోమన్ బాగుంటాది, టెర్రా డ్రా అయితే లీఫ్‌లెట్, మ్యాప్‌లిబ్రే, గూగుల్ మ్యాప్స్ అన్నిటి మీదా పని చేస్తాది కాబట్టి రేపు మ్యాప్ మార్చినా గీసే కోడ్ పోదు. గూగుల్ మ్యాప్స్ వాడేవాళ్లు గమనించండి, వాళ్ల డ్రాయింగ్ లైబ్రరీని 2025 ఆగస్టులో డిప్రికేట్ చేసినారు, అంటే ఇంక వాడొద్దన్నారు, కొత్తగా దాని మీద కట్టొద్దు.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటా ఫ్రీ, కానీ వాళ్ల టైల్ సర్వర్ (మ్యాప్‌ని చిన్న చదరపు ముక్కలుగా పంపేది) అందరూ ఇష్టమొచ్చినంత వాడుకునేకి కాదు. ట్రాఫిక్ పెరిగితే వేరే టైల్ ప్రొవైడర్ తీసుకోవాలి, లేకుంటే సొంతంగా హోస్ట్ చేసుకోవాలి. మ్యాప్ మూలలో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కాంట్రిబ్యూటర్స్ అనే క్రెడిట్ లైన్ తీసెయ్యొద్దు, లైసెన్స్ ప్రకారం అది ఉండాల్సిందే.

తెలుగు లేబుల్స్ పెట్టాలనుకునేవాళ్లకి ఒక మాట. వెక్టర్ మ్యాప్స్ అక్షరాలని విడివిడి గ్లిఫ్‌లుగా (అక్షర బొమ్మలుగా) గీసేటప్పుడు మన ఒత్తులు విడిపోయి రావొచ్చు. టెస్ట్ చేసేకి "కర్నూలు" అనే పేరే చాలు, ర కింద న ఒత్తు కరెక్ట్‌గా కూర్చుందో లేదో చూడండి. కూర్చోకుంటే ముందే బొమ్మగా రెండర్ చేసిన రాస్టర్ టైల్స్ వాడండి, లేదంటే లేబుల్‌ని మామూలు హెచ్‌టీఎంఎల్‌గా మ్యాప్ పైన పెట్టండి. విరిగిపోయిన తెలుగు కంటే అదే నయం.

మూడో స్టెప్: గీసే మోడ్, అసలు కష్టం ఇక్కడే

ఫోన్‌లో ఒక వేలితో లాగితే మ్యాప్ కదలాలి. ఒక వేలితో లాగితేనే గీత కూడా పడాలి. రెండూ ఒకేసారి కుదరవు, ఏది ఎప్పుడో యూజర్‌కి అనుమానం లేకుండా తెలియాలి. కాబట్టి "ఏరియా గీయండి" అని ఒక పెద్ద బటన్ పెట్టండి, ఐకాన్ ఒక్కటే కాదు, మాటతో. అది నొక్కితే ఒక వేలికి మ్యాప్ పక్కకి జరగడం ఆగిపోవాలి, పైన ఒక పట్టీ వచ్చి "వేలితో గుండ్రంగా గీయండి, మ్యాప్ జరపాలంటే రెండు వేళ్లు" అని చెప్పాలి, పక్కనే "వద్దు" బటన్ ఉండాలి. గీసి వేలు తియ్యంగానే మళ్ల మామూలు మోడ్‌కి రావాలి. మోడ్‌లో ఇరుక్కుపోయి, మ్యాప్ కదలక, ఏమైందో తెలియక యాప్ మూసేసే వాళ్లు ఎక్కువ.

కోడ్ పక్కన, మౌస్‌కీ టచ్‌కీ వేరువేరు ఈవెంట్లు రాయొద్దు, పాయింటర్ ఈవెంట్స్ తీసుకుంటే రెండూ ఒకటే. గీసే మోడ్‌లో ఉన్నంతసేపు మ్యాప్ డబ్బాకి సీఎస్ఎస్‌లో టచ్-యాక్షన్ నన్ అని పెట్టండి, లేకుంటే బ్రౌజర్ మధ్యలో వేలిని లాక్కోని పేజీని స్క్రోల్ చేసేస్తాది, గీత సగంలో తెగుతాది. పాయింటర్ క్యాన్సల్ అనే ఈవెంట్‌ని కూడా పట్టుకోండి, గీసేటప్పుడు ఫోన్ కాల్ వస్తే అదే వస్తాది. అప్పటి దాకా గీసింది పారేయకుండా అట్లే ఉంచి "ఇక్కడి నుంచి కంటిన్యూ చేయాలా" అని అడిగితే యూజర్‌కి ప్రాణం లేచొస్తాది.

ఇప్పుడు జూమ్ లెక్క. ఇది చాలామంది వేసుకోరు, వేసుకుంటే సగం డిజైన్ దానికదే తేలిపోతాది. కర్నూలు దాదాపు 15.83 డిగ్రీల లాటిట్యూడ్ మీద ఉంది. ఈ లాటిట్యూడ్‌లో లీఫ్‌లెట్ జూమ్ 15 దగ్గర ఒక పిక్సెల్ అంటే నేల మీద సుమారు 4.6 మీటర్లు. వేలి కొన స్క్రీన్ మీద ఓ 44 పిక్సెళ్లు మూస్తాది అనుకోండి, అంటే 200 మీటర్లు. వేలి కింద నాలుగైదు సందులు కనబడకుండా పోతాయి. అదే జూమ్ 13 దగ్గర 800 మీటర్లు. జూమ్ 11 దగ్గర మూడు కిలోమీటర్ల పైన, అంటే వేలు పెడితే కాలనీలు కాలనీలే మాయం. కాబట్టి జూమ్ 13 కంటే దూరంలో ఉంటే గీయనివ్వొద్దు, "కొంచెం దగ్గరికి జూమ్ చేసి గీయండి" అని చెప్పి ఆ బటన్ మీరే ఇవ్వండి. 360 పిక్సెళ్ల వెడల్పు ఫోన్‌లో జూమ్ 13 అంటే ఆరున్నర కిలోమీటర్లు కనబడుతుంది, కర్నూల్లో చాలా భాగం పట్టేస్తాది, ఎవరికీ ఇబ్బంది ఉండదు. మ్యాప్‌లిబ్రే వాడితే దాని జూమ్ నంబర్లు ఒకటి తక్కువ ఉంటాయి, 15 అన్నచోట 14 వేసుకోండి.

గీత ఎట్ల కనబడాలి అనేది కూడా చిన్న విషయం కాదు. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఇల్లు వెతికేవాళ్లు ఎండలో బైక్ ఆపి ఫోన్ చూస్తారు, ఆ వెలుతురులో లేత నీలం గీత కనబడే చాన్సే లేదు. ముదురు రంగు గీత, దాని కింద కొంచెం వెడల్పుగా తెల్ల గీత వేయండి, మామూలు మ్యాప్ మీదా శాటిలైట్ మీదా రెండింటి మీదా కనబడుతుంది. లోపలి భాగాన్ని రంగుతో నింపొద్దు, నింపితే వీధుల పేర్లు మునిగిపోతాయి. దానికి బదులు బయటి భాగాన్ని కొంచెం డల్ చేయండి, ఏది లోపలో ఏది బయటో ఒక చూపులో తెలిసిపోతాది.

వేలితో గీయడం ఒకటే కాకుండా మూలలు టచ్ చేసుకుంటా పోయే పద్ధతి కూడా ఇవ్వండి. వయసైనవాళ్లకి, చెయ్యి వణికేవాళ్లకి లాగి గీయడం చాలా కష్టం. 2023లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 (వెబ్‌ని అందరూ వాడుకునేట్టు చేసే గైడ్‌లైన్స్)లో కూడా, లాగడం తప్పనిసరి అయితే తప్ప, లాగి చేసే పనికి లాగకుండా చేసే దారి ఇంకోటి ఉండాలని రూల్ ఉంది. నాలుగు చోట్ల టచ్ చేస్తే ఆకారం రెడీ, మొదటి చుక్కని మళ్ల టచ్ చేస్తే మూసుకోవాలి, "అయింది" బటన్ నొక్కినా మూసుకోవాలి. ప్రతి టచ్‌కి ఒక అన్‌డూ ఉండాల.

నాలుగో స్టెప్: గీసిన గీతని బాగు చేయడం

అయిదు సెకన్లు వేలు తిప్పితే ఓ మూడు వందల పాయింట్లు వస్తాయి. అన్నీ సర్వర్‌కి పంపే పని లేదు. డగ్లస్-ప్యూకర్ అనే పాత పద్ధతి ఉంది, 1973 నాటిది, గీత ఆకారం చెడకుండా అక్కర్లేని పాయింట్లు తీసేస్తాది. టర్ఫ్ లైబ్రరీలో సింప్లిఫై అని రెడీగా దొరుకుతాది. దాని టాలరెన్స్ (గీత ఎంత పక్కకి జరిగినా పర్వాలేదు అనే హద్దు) డిగ్రీల్లో ఇవ్వాలి, అక్కడ ఒక ఫిక్స్‌డ్ నంబర్ రాసేస్తారు చాలామంది, అట్ల రాయొద్దు. దగ్గరి జూమ్‌లో గీసినవాళ్లు సందు సందు చూసుకోని గీసింటారు, వాళ్ల గీతని మొద్దు చేస్తే వాళ్ల మాట మార్చినట్టే. టాలరెన్స్‌ని పిక్సెళ్లలో పెట్టుకోండి, మూడు నాలుగు పిక్సెళ్లు, దాన్ని అప్పుడున్న జూమ్ బట్టి డిగ్రీల్లోకి మార్చండి. ముప్పై నలభై పాయింట్లు మిగులుతాయి, చూసేకి తేడా తెలియదు. బాగు చేసిన తర్వాత మిగిలిన ఆకారాన్నే స్క్రీన్ మీద చూపండి, యూజర్ ఏం చూస్తున్నారో దాని మీదే సర్చ్ నడవాలి.

చివర మొదలు కలవకపోతే మీరే కలపండి, కానీ రెండు చివర్ల మధ్య గ్యాప్ పెద్దగా ఉంటే, అంటే గీత మొత్తం పొడవులో మూడో వంతు కంటే ఎక్కువ ఉంటే, మూసేముందు ఆ కలిపే గీతని చుక్కలుగా చూపి అడగండి. రోడ్డు పొడుగునా ఒక గీత గీసి వదిలేసినవాళ్లు పాలిగాన్ అడగట్లేదు, "ఈ రోడ్డు వెంబడి" అని అడుగుతున్నారు. నంద్యాల రోడ్డు వెంబడి ఇల్లు కావాలనుకునే మనిషి అట్లే గీస్తాడు. ఆ గీత చుట్టూ 200 మీటర్ల బఫర్ (అంత దూరం వరకు ఉండే పట్టీ) వేసి "ఈ రోడ్డుకి రెండు పక్కలా" అని ఆప్షన్ ఇస్తే అదే వాళ్లకి కావాల్సింది.

గీత తన మీద తానే దాటుకుంటే ఎనిమిది అంకె మాదిరి అయితాది. ఇట్లాంటిది డేటాబేస్‌కి పోతే ఇన్‌వాలిడ్ జియోమెట్రీ అని ఎర్రర్ రావొచ్చు, ఇంకా ఘోరం ఏమంటే ఎర్రర్ లేకుండా తప్పు జవాబు రావొచ్చు. టర్ఫ్‌లో కింక్స్ అనే ఫంక్షన్ ఎక్కడ దాటుకుందో చెప్తాది. చివర్లో వేలు తీసేటప్పుడు పడిన చిన్న తోక అయితే కోసేయండి. నిజంగానే రెండు ముక్కలైతే రెండూ ఉంచి మల్టీపాలిగాన్ చేయండి, పోస్ట్‌జిఐఎస్‌లో (పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కి మ్యాప్ లెక్కలు కలిపే ఎక్స్‌టెన్షన్) ఎస్‌టీ మేక్‌వాలిడ్ ఆ పని చేస్తాది. జీరో బఫర్ వేసి సరిచేసే పాత ట్రిక్ వాడొద్దు, ఎనిమిది అంకెలో ఒక ముక్కని చెప్పకుండా మింగేస్తాది. కాన్వెక్స్ హల్ (పాయింట్లన్నిటి చుట్టూ రబ్బర్ బ్యాండ్ బిగించినట్టు వచ్చే ఆకారం) అసలే వద్దు. నది వంపుని చూసుకోని జాగ్రత్తగా లోపలికి వంచి గీసిన గీతని అది చదునుగా లాగేస్తాది, వాళ్లు వద్దన్న భాగమే మళ్ల లోపలికి వస్తాది.

అయిదో స్టెప్: ఏది ముందు, లాంగిట్యూడా లాటిట్యూడా

మ్యాప్ ఆకారాలని రాసి పంపే ఫార్మాట్ పేరు జియోజేసన్, దాని స్టాండర్డ్ 2016లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 7946. దాంట్లో లాంగిట్యూడ్ ముందు, లాటిట్యూడ్ తర్వాత. మ్యాప్‌లిబ్రే, పోస్ట్‌జిఐఎస్ కూడా అంతే. లీఫ్‌లెట్‌లో మాత్రం లాటిట్యూడ్ ముందు. కర్నూలు 78.04, 15.83. తిరగేసి పంపితే ఎక్కడికి పోతాదో తెలుసా, ఉత్తర ధ్రువం దగ్గర నార్వేకి చెందిన స్వాల్‌బార్డ్ దీవులకి, లాంగ్‌యీర్‌బ్యెన్ అనే ఊరికి ఓ ఇరవై కిలోమీటర్ల దూరంలో పడుతుంది. మనం పంపింది రెండూ చెల్లే నంబర్లే కాబట్టి ఎర్రర్ రాదు, "ఇళ్లు లేవు" అని వస్తాది అంతే, అందుకే దీన్ని పట్టుకోవడం కష్టం. సర్వర్ గుమ్మం దగ్గరే ఒక కాపలా పెట్టండి. మీ టూల్ సీమ వరకే అయితే లాంగిట్యూడ్ 76కీ 81కీ మధ్య, లాటిట్యూడ్ 12కీ 17కీ మధ్య లేకుంటే రిజెక్ట్ చేసి కారణం చెప్పండి. పాలిగాన్‌లో మొదటి పాయింట్, చివరి పాయింట్ ఒకటే ఉండాలనేది కూడా అదే స్టాండర్డ్‌లో ఉంది. దశాంశం తర్వాత అయిదు అంకెలు ఉంచండి, అది ఒక మీటరు సైజు, వేలితో గీసినదానికి అంతకంటే సూక్ష్మం దండగ.

ఆరో స్టెప్: డేటాబేస్‌లో వెతకడం

లిస్టింగ్ పాయింట్ల కాలమ్ మీద జిఐఎస్‌టీ ఇండెక్స్ వేయండి. అప్పుడు డేటాబేస్ ముందు పాలిగాన్ చుట్టూ ఉండే దీర్ఘచతురస్రంలోని పాయింట్లని మాత్రం తీసి, వాటిల్లోంచి నిజంగా లోపల ఉన్నవి ఏరుతుంది. ఇండెక్స్ లేకుంటే ఉన్న ప్రతి ఇంటినీ చెక్ చేస్తాది. ఫంక్షన్ ఎస్‌టీ కంటెయిన్స్ కాకుండా ఎస్‌టీ కవర్స్ వాడండి, సరిగ్గా గీత మీద పడిన ఇల్లు కంటెయిన్స్‌లో రాదు, కవర్స్‌లో వస్తాది. గీత మీద ఉన్న ఇంటిని లోపలే అనుకోవడం యూజర్‌కి మేలు.

విస్తీర్ణం, దూరం లెక్కలకి జాగ్రఫీ టైప్ (భూమి గుండ్రాన్ని లెక్కలోకి తీసుకునే పోస్ట్‌జిఐఎస్ టైప్) వాడండి. మ్యాప్ చూపించే వెబ్ మెర్కేటర్ (గుండ్రటి భూమిని చదును చేసి చూపే పద్ధతి) మీటర్లతో లెక్కేస్తే మన లాటిట్యూడ్‌లో పొడవు 4 శాతం, విస్తీర్ణం 8 శాతం ఎక్కువ వస్తాయి. యూటీఎం (భూమిని 6 డిగ్రీల నిలువు జోన్లుగా కోసి మీటర్లలో కొలిచే పద్ధతి) తీసుకుందామా అంటే మన సీమలో ఒక చిక్కుంది, 43వ జోన్‌కీ 44వ జోన్‌కీ మధ్య గీత సరిగ్గా 78 డిగ్రీల మీద పోతాది. అనంతపురం 43లో, కడప 44లో, కర్నూలు టౌన్ ఆ గీతకి నాలుగు కిలోమీటర్ల పక్కనే. ఆ తలనొప్పి పెట్టుకోవద్దు.

సర్వర్‌లో లిమిట్స్ కూడా పెట్టండి, పాలిగాన్‌కి రెండు వందల పాయింట్లకి మించొద్దు, విస్తీర్ణం మీ ఊరి సైజుకి మించొద్దు. బ్రౌజర్‌లో చెక్ చేసినాం కదా అని వదలొద్దు, రిక్వెస్ట్‌ని ఎవరైనా చేత్తో రాసి పంపొచ్చు.

ఓనర్ ఇల్లు బయటపడకుండా

దీన్ని దయచేసి స్కిప్ చేయొద్దు. చాలా టూల్స్ ఓనర్ ఇంటి కరెక్ట్ పాయింట్ చూపకుండా పిన్‌ని ఓ 150 మీటర్లు పక్కకి జరిపి చూపిస్తాయి, మంచిదే, ఖాళీగా తాళం వేసి ఉన్న ఇల్లు ఏదో ఊరందరికీ చెప్పకూడదు. కానీ పిన్ జరిపి చూపించి, సర్చ్ మాత్రం లోపల అసలు పాయింట్ మీద నడిపితే, జరిపినందుకు ఫలితం సున్నా. ఎవరైనా ఒక కిలోమీటరు డబ్బా గీసి, దాన్ని సగం చేసి, ఇల్లు ఏ సగంలో వస్తాందో చూసి, మళ్ల సగం చేసుకుంటా పోతే అడ్డంగా పది సార్లు నిలువుగా పది సార్లకి ఒక మీటరు దాకా వచ్చేస్తాడు, అంటే గేటు ముందు నిలబడినట్టే. స్క్రిప్ట్ రాస్తే నిమిషం పని కూడా కాదు.

కాబట్టి ప్రజలకి చూపే పాయింట్ ఏదో దాని మీదే సర్చ్ నడపండి. జరిపిన పాయింట్‌ని లిస్టింగ్ పెట్టినప్పుడే ఒకసారి తయారుచేసి సేవ్ చేసుకోండి, ప్రతిసారీ కొత్తగా రాండమ్‌గా జరిపితే వంద సార్లు అడిగి సగటు తీస్తే అసలు పాయింట్ బయటపడుతుంది. జరిపేటప్పుడు నది అవతలికో నదిలోకో పోకుండా చూసుకోండి, ఓల్డ్ టౌన్ ఇంటి పిన్ తుంగభద్ర నీళ్లలో కనబడితే ఎవరూ నమ్మరు. అదే లొకాలిటీ పాలిగాన్ లోపలే జరగాలి అని రూల్ పెడితే సరిపోతాది. ఎంత జరిపినారో ఆ 150 మీటర్లని మొదటి స్టెప్‌లో చెప్పిన "ఎన్ని మీటర్ల వరకు నమ్మొచ్చు" కాలమ్‌లో కలపండి.

రిజల్ట్స్ చూపడం

ఇక్కడ మూడు గుంపులు ఉంటాయి. ఒకటి, ఖచ్చితంగా లోపల ఉన్నవి. రెండు, పాయింట్ గీత దగ్గర ఉంది, లొకేషన్ అంత నమ్మకం లేదు, లోపల ఉండొచ్చు బయట ఉండొచ్చు. వీటిని ఎస్‌టీ డీవితిన్‌తో తీయొచ్చు, పాలిగాన్ అంచు గీత నుంచి ఆ లిస్టింగ్ నమ్మకపు మీటర్ల లోపు ఉందా అని. ఇవి లిస్ట్‌లో కింద, "మీ ఏరియాలో ఉండొచ్చు, ఓనర్‌ని అడగండి" అని రాసి పెట్టండి. మూడు, అసలు మ్యాప్‌లో లేనివి, వాటి సంఖ్య ఒక లైన్‌లో చెప్పి, నొక్కితే చూపండి. వీటిని దాచేస్తే యూజర్ తన ఏరియాలో ఇళ్లు లేవనుకోని వెళ్లిపోతారు.

ఏమీ దొరక్కపోతే మీరే ఏరియా పెంచి రిజల్ట్స్ నింపొద్దు. "లోపల ఏమీ లేవు, మీ గీతకి 500 మీటర్ల లోపు 4 ఉన్నాయి" అని చెప్పి, నొక్కితే గీత పెరగడం కంటికి కనబడాలి. ఒప్పుకుంటే పెంచండి, లేదంటే లేదు.

గీత సరిచేసే ప్రతిసారీ సర్చ్ నడుస్తాది కదా, వేలు తీసిన మూడు నాలుగు వందల మిల్లీసెకన్ల తర్వాత రిక్వెస్ట్ పంపండి, కొత్తది పంపేముందు పాతదాన్ని క్యాన్సల్ చేయండి. సిగ్నల్ సరిగ్గా లేనిచోట పాత జవాబు వెనకొచ్చి కొత్తదాని మీద కూర్చుంటాది, అప్పుడు స్క్రీన్ మీద గీత ఒకటి, ఇళ్లు ఇంకొకటి.

సరిచేయడం, పంపడం, దాచుకోవడం

గీసిన తర్వాత మూలల్లో చుక్కలు, రెండు మూలల మధ్య చిన్న చుక్క, దాన్ని లాగితే కొత్త మూల. చుక్క కంటికి చిన్నగా ఉన్నా టచ్ అయ్యే చోటు 44 పిక్సెళ్లు ఉండాల. నలభై పాయింట్ల మీద నలభై చుక్కలు పెడితే ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, అందుకని ఎడిట్‌లో ముఖ్యమైన మూలలు ఓ పది పన్నెండు చూపి, జూమ్ చేస్తే మిగతావి చూపండి.

మనోళ్లు ఇల్లు ఒక్కరే వెతకరు. గీసిన ఏరియాని బావమరిదికి వాట్సాప్‌లో పంపి "ఈ లోపల చూడు" అంటారు. కాబట్టి ఆకారం లింక్‌లోనే ఉండాలి, లాగిన్ లేకుండా తెరుచుకోవాలి. పాయింట్లని ఎన్‌కోడెడ్ పాలీలైన్ పద్ధతిలో రాస్తే లింక్ పొట్టిగా వస్తాది. ఒక్క జాగ్రత్త, ఆ పద్ధతిలో లాటిట్యూడ్ ముందు, జియోజేసన్‌కి ఉల్టా, మార్చే ఫంక్షన్ ఒక్కచోటే రాసి అన్నిచోట్లా దాన్నే పిలవండి. దాంట్లో కొన్ని గుర్తులు కూడా వస్తాయి కాబట్టి యూఆర్ఎల్ ఎన్‌కోడ్ చేయడం మర్చిపోవద్దు, లేకుంటే వాట్సాప్ లింక్‌ని మధ్యలో తెంపేస్తాది.

సేవ్ చేసుకున్న ఏరియాకి "కొత్త ఇల్లు వస్తే చెప్పు" అనేది పెట్టాలంటే క్వెరీ తిరగబడుతుంది. కొత్త లిస్టింగ్ పాయింట్‌ని తీసుకోని, ఏయే పాలిగాన్లు దీన్ని కవర్ చేస్తున్నాయి అని అడగాలి. సేవ్ చేసిన పాలిగాన్ల కాలమ్ మీద కూడా జిఐఎస్‌టీ ఇండెక్స్ వేస్తే చాలు, రోజూ ప్రతి యూజర్ సర్చ్‌నీ మళ్ల నడిపే పని లేదు.

గీయలేనివాళ్లకి

కీబోర్డ్ మీద, స్క్రీన్ రీడర్ మీద మ్యాప్ గీయడం కుదరదు. మొదట్లో పక్కన పెట్టిన లొకాలిటీ పేర్లు ఇప్పుడు కావాలి. బుధవారపేట, అశోక్ నగర్, కల్లూరు అని టిక్ పెట్టుకుంటే వాటి పాలిగాన్లు కలిపి ఒకే ఏరియా కావాలి. సర్వర్‌కి పోయేది అదే జియోజేసన్, అదే క్వెరీ. మామూలుగా గీసేవాళ్లు కూడా ముందు "సీ క్యాంప్" అని పేరు ఎంచుకోని, వచ్చిన ఆకారాన్ని ఒక పక్క లాగి సరిచేసుకుంటారు, ఖాళీ మ్యాప్ మీద మొదలుపెట్టడం కంటే చాలామందికి ఇదే సులభం. లొకాలిటీ గీతలు మీరే కూర్చోని గీయాల్సి వస్తాది, ఆ ఊరివాళ్లని పక్కన పెట్టుకోని గీయండి.

టెస్టింగ్

లిస్టింగ్స్ కొన్ని ఉత్తుత్తివి తయారుచేసి పెట్టుకోండి: తుంగభద్ర ఈ గట్టున ఒకటి, ఆ గట్టున ఒకటి, సరిగ్గా గీత మీద ఒకటి, సీ అక్షరం మాదిరి వంచిన ఆకారం బొజ్జలో ఒకటి, లొకేషన్ లేనిది ఒకటి, 300 మీటర్ల అనుమానం ఉన్నది ఒకటి. నది వెంబడి గీస్తే ఆ గట్టుది రాకూడదు. సీ ఆకారం బొజ్జలోది రాకూడదు, వస్తే ఎక్కడో చుట్టూ ఉండే దీర్ఘచతురస్రంతోనే సరిపెట్టేస్తున్నారని అర్థం. ఎనిమిది అంకె గీస్తే రెండు ముక్కల్లోవీ రావాలి. అదే ఆకారాన్ని ఎడమ నుంచి కుడికి ఒకసారి, కుడి నుంచి ఎడమకి ఒకసారి గీయండి, రిజల్ట్ మారకూడదు. లింక్ పంపి వేరే ఫోన్‌లో తెరిచి రెండు పక్కల ఇళ్ల సంఖ్య ఒకటేనా చూడండి.

ఇదంతా లాప్‌టాప్‌లో మౌస్‌తో పాస్ అయినాక, ర్యామ్ తక్కువున్న ఒక పాత ఆండ్రాయిడ్ ఫోన్ తీసుకోని, మధ్యాహ్నం పూట రాజ్‌విహార్ సెంటర్‌లో ఎండలో నిలబడి, బొటనవేలితో ఒక్క చేత్తో గీయండి. తర్వాత ఆ ఫోన్‌ని ఈ టూల్ ఎప్పుడూ చూడని మనిషి చేతికిచ్చి, ఏమీ చెప్పకుండా, "మీకు ఇల్లు ఏ పక్క కావాలో గీయండి" అని మాత్రం అడిగి, వాళ్ల వేలు మొదట ఎక్కడికి పోతాదో చూడండి. బటన్ మీదికి పోకుండా నేరుగా మ్యాప్ మీద గీసేకి పోతే మూడో స్టెప్‌కి వెనక్కి పోయి ఆ బటన్‌ని ఇంకా పెద్దగా, ఇంకా కిందికి, బొటనవేలికి అందేచోట పెట్టండి.